కూర్చోబెట్టడమే గౌరవమా?

(వికారాబాద్, తాండూరు ప్రాంత సంఘాల పెద్దల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



నూరేళ్ల పండుగ అనగానే మనం కట్టిన గుడులను, నడిపిన బడులను, తెరిచిన ఆసుపత్రులను లెక్కపెట్టుకుంటాము. అది తగినదే. అయితే ఆ నూరేళ్లలో సగం కాలాన్ని తమ భుజాల మీద మోసిన మనుషులు ఇంకా మన మధ్యనే ఉన్నారు. గుడి పునాదికి రాళ్లు అందించినవారు, ఆదివారం వచ్చిందంటే పల్లెలకు నడిచి వెళ్లి పిల్లలకు పాటలు నేర్పినవారు, ధారూరు జాతరకు వంటసామాను నెత్తిన పెట్టుకొని పోయినవారు. వారి పేర్లు ఏ శిలాఫలకం మీదా కనబడవు. ఈ కూడికలో మాకు ఇచ్చిన అంశము వారి విశ్వాసమును గురించినది కాదు. వారి మోకాళ్లను గురించి, నడుములను గురించి, నడకను గురించి.

పాస్టరుకు ఈ సంగతితో ఏమి పని అని కొందరికి తోచవచ్చును. మేము వైద్యులము కాము. మందు, మాత్ర సంగతి డాక్టరుగారే చెప్పవలెను. కాని ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేసే పని మాది. ఏ ఇంట్లో ఎవరు మంచం మీద ఉన్నారో, నిన్నటిదాకా గుడికి వచ్చినవారు ఈవేళ ఎందుకు రావడం లేదో మాకు ముందుగా తెలుస్తుంది. గనుక చూచినది చెప్పడం మా బాధ్యత.

మేము తరచుగా చూచే వరుస ఒకటి ఉన్నది. ఒక పెద్దాయన ఉద్యోగ విరమణ చేస్తాడు. "ఇన్నేండ్లు కష్టపడ్డవు నాయినా, ఇంక ఆరాంగ కూసో" అని కొడుకు వరండాలో కుర్చీ వేస్తాడు. మరొక ఇంట్లో కోడలు ప్రేమతోనే చీపురు లాక్కొని, "నీకెందుకత్తమ్మా, నేను చేస్త గద" అంటుంది. కూరగాయలకు మనుమడు బండి మీద పోతాడు. మంచినీళ్లు మంచం దగ్గరికే వస్తాయి. మొదటి ఏడు హాయిగా గడుస్తుంది. రెండవ ఏడు లేవడానికి కుర్చీ చేతులు పట్టుకోవలసి వస్తుంది. మూడవ ఏడు గుడి మెట్లు ఎక్కడానికి భయం పుడుతుంది. ఆ భయంతో బయటికి వెళ్లడం మానుకుంటారు. మానుకున్నందువల్ల కాళ్లు ఇంకా బలహీనపడతాయి. ఒకనాడు స్నానాల గదిలో జారి పడతారు, తుంటి ఎముక విరుగుతుంది. తరువాత మంచమే. అప్పుడు ఇంటివారు మాతో, "వయసు మీద పడ్డది అయ్యగారూ, ఏం చేస్తం" అంటారు.

వయసు కొంత చేసింది, నిజమే. మిగిలినది కుర్చీ చేసిన పని. ఈ రోజు మేము చెప్పదలచిన సంగతి ఒక్కటే. పెద్దలను కూర్చోబెట్టడం గౌరవము కాదు. వారు తమ కాళ్ల మీద తాము లేచి నిలబడేటట్లు చూడడమే గౌరవము. అందుకు కావలసిన వసతులు చాలా వరకు మన చేతిలోనే ఉన్నవి.

విశ్రాంతియే మందుగా ఉన్న కాలము

వికారాబాద్ ప్రాంతపు వారికి విశ్రాంతి మీద గట్టి నమ్మకము. అందుకు ఒక కారణం మన కళ్ల ఎదుటనే ఉన్నదని మాకు తోస్తుంది. నిజాము ప్రభుత్వ కాలంలో అనంతగిరి కొండ మీద క్షయ రోగుల కోసం శానటోరియం వెలిసింది. అడవి గాలి, మంచి తిండి, పడక. ఆనాడు క్షయకు లోకమంతటా ఇదే ప్రధాన చికిత్స. ఎక్కడెక్కడి నుండో రోగులు రైలు దిగి, కొండెక్కి, నెలల తరబడి పడుకొని ఉండేవారు. జబ్బు పడితే కదలకూడదు అనే మాట మన ఇండ్లలో ఈ విధంగా కూడా నాటుకొని ఉండవచ్చును.

తరువాత మందులు వచ్చినవి. మద్రాసులోని క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం వారు కొందరు రోగులను శానటోరియంలో ఉంచి, కొందరిని వారి వారి ఇండ్లలోనే ఉంచి, ఇద్దరికీ ఒకే మందులు ఇచ్చి చూచారు. ఆ ఫలితాలు 1959లో వెలువడినవి. ఇంటిలో ఉన్నవారికి తిండి తక్కువ, విశ్రాంతి తక్కువ. అయినా వారు కూడా శానటోరియం వారితో దాదాపు సమానంగానే కోలుకున్నారు. నయం చేసినది మందు గాని మంచం కాదని తేలింది. ఆ ఫలితముతో లోకమంతటా క్షయ చికిత్స తీరే మారిపోయింది. కాని మన ఇండ్లలో మంచం మీది నమ్మకం మాత్రం మారలేదు.

మంచము మనిషిని ఏమి చేస్తుందో తరువాతి వారు కొలిచి చూచారు. 2007లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఏ జబ్బూ లేని అరవై ఏడేళ్ల ప్రాయపు వారిని పది రోజులు మంచం మీద ఉంచారు. పది రోజులకే వారి కాళ్లలోని కండ దాదాపు ఒక కిలో తగ్గిపోయింది. మరి చిన్న జ్వరానికి నెల రోజులు మంచం దిగనివ్వని ఇంట్లో ఏమి జరుగుతుందో మీరే ఆలోచించండి.

ఇది ఒక వైపు. రెండవ వైపు సంతోషకరమైనది. పోయిన బలము తిరిగి వస్తుంది. 1990లో బోస్టన్ నగరంలోని ఒక వృద్ధుల ఆశ్రమంలో తొంభై ఏళ్ల ప్రాయపు పదిమందితో ఎనిమిది వారాలు తొడల కండరాలకు బరువుల సాధన చేయించారు. వారి కాళ్ల బలము సగటున 174 శాతం పెరిగింది. ఆ వయసులో కండ పెరగదని అనుకొనే వైద్యులే ఆశ్చర్యపడ్డారు. తొంభైలో సాధ్యమైనది అరవై అయిదులో ఎందుకు కాదు?

పని వేరు, వ్యాయామము వేరు

కదిలేవారికీ కూర్చునేవారికీ తేడా ఏమిటో మొదట గట్టిగా చూపించినది లండన్ బస్సులు. 1953లో జెరెమీ మోరిస్ అనే వైద్యుడు అక్కడి రెండంతస్తుల బస్సులలో పనిచేసే డ్రైవర్లను, కండక్టర్లను పోల్చి చూచాడు. ఇద్దరిదీ ఒకే బస్సు. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు. కండక్టరు మెట్లెక్కుతూ దిగుతూ ఉంటాడు. గుండెజబ్బు డ్రైవర్లలోనే ఎక్కువగా కనబడింది.

మన రెండు పట్టణాలలోనూ ఇటువంటి రెండు తరగతుల పెద్దలు ఉన్నారు. వికారాబాద్‌లో రైల్వేలో, బడిలో, ఆసుపత్రిలో, కచేరీలో పనిచేసి పింఛను పుచ్చుకుంటున్నవారు చాలామంది. వీరికి కూర్చోవడం ఎక్కువైంది. నలభై కిలోమీటర్ల అవతల తాండూరు సంగతి వేరు. నాపరాయి గనులలో బండలు లేపినవారు, పాలిషింగు యూనిట్లలో దుమ్ము పీల్చినవారు, సిమెంటు బస్తాలు మోసినవారు, కంది చేలలో నడుము వంచి కోత కోసినవారు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చినదని మనం గర్వపడ్డాము. ఆ కందిని పండించిన నడుములు ఎలా ఉన్నవో కూడా చూడవలెను. వీరిని చూచి, "అమ్మా, కొంచెం వ్యాయామం చెయ్యి" అంటే నవ్వుతారు. "జిందగీ అంత చేసినం గద అయ్యగారూ, ఇంకేం ఎక్సర్‌సైజు" అంటారు. ఆ నవ్వులో న్యాయం ఉన్నది.

అయితే ఒక మాట. బరువు పని చేసినంత మాత్రాన దేహానికి మేలు జరుగుతుందని చెప్పడానికి లేదు. 2018లో పలు దేశాల పరిశోధనలను ఒకచోట చేర్చి చూచినప్పుడు, బరువైన కాయకష్టం చేసే పురుషులలో ముందుగా మరణించే ప్రమాదం తేలిక పని చేసేవారికంటే 18 శాతం ఎక్కువగా కనబడింది. కారణము ఊహించగలము. వ్యాయామం చేసేవాడు అలసితే ఆగుతాడు, కూలివాడు ఆగలేడు. వ్యాయామంలో దేహమంతా కదులుతుంది, కూలిలో ఒకే కీలు వేలసార్లు అరుగుతుంది. వ్యాయామం తరువాత విశ్రాంతి ఉంటుంది, కూలి తరువాత మరునాటి కూలి ఉంటుంది.

గనుక అందరికీ ఒకే సలహా పనికిరాదు. కుర్చీలో కూర్చున్న పింఛనుదారునికి, "లేచి నడువు" అని చెప్పవలెను. బండలు మోసిన తల్లికి మొదట విశ్రాంతి, డాక్టరు పరీక్ష, ఊపిరి పరీక్ష, తరువాత బిగుసుకుపోయిన నడుమును, భుజాలను మెల్లగా సాగదీసే కదలికలు. ఇద్దరినీ ఒకే వరుసలో నిలబెట్టి ఈల ఊదితే ఒకరికి మేలు, ఇంకొకరికి కీడు.

ఎంత చేస్తే చాలును?

ఈ ప్రశ్నకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో స్పష్టమైన జవాబు ఇచ్చింది. అరవై అయిదేళ్లు దాటినవారు వారానికి 150 నుండి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయవలెను. అనగా వారంలో అయిదు రోజులు, రోజుకు అరగంట నడక. దానికి తోడు వారానికి రెండు రోజులు కండరాలకు బలమిచ్చే సాధన, మూడు రోజులు తూకం నిలుపుకొనే సాధన. ఇంత చేయలేనివారు చేయగలిగినంతే చేయవలెను. ఏమీ చేయకపోవడం కంటే కొంచెమైనా మేలని అదే సంస్థ చెప్పింది.

ఓ మోస్తరు శ్రమ అంటే ఎంత? దానికి గడియారం, యంత్రం అక్కరలేదు. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి గాని పాట పాడలేకపోవాలి. కీర్తన పూర్తిగా పాడగలుగుతున్నారా, ఇంకొంచెం వేగం పెంచవచ్చును. మాట కూడా రావడం లేదా, తగ్గించవలెను. పాటలు వచ్చిన సంఘానికి ఇంతకంటె సులభమైన కొలత లేదు.

బలానికి సాధన ఏమిటి? కుర్చీని గోడకు ఆనించి పెట్టి, చేతుల సాయం లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం. చేతులు కావలిస్తే మొదట పట్టుకోవచ్చు, వారం వారం తగ్గించుకోవచ్చు. గోడ మీద రెండు అరచేతులు ఆనించి ముందుకు వంగి వెనుకకు రావడం. తూకానికి సాధన ఏమిటి? తలుపు చట్రం పట్టుకొని మడమలు పైకెత్తి దించడం. ఒక్క కాలి మీద పది లెక్కపెట్టేవరకు నిలబడడం. ఒక పాదము ముందు ఇంకొక పాదము పెట్టి గోడ వెంబడి నడవడం. ఇవి ఖర్చులేని పనులు.

నేల మీద కూర్చొని లేవడము కూడా ఒక సాధనయే. 2012లో బ్రెజిల్ దేశపు వైద్యులు 51 నుండి 80 ఏళ్ల మధ్య ఉన్న 2002 మందిని నేల మీద కూర్చొని లేవమన్నారు. చేయి, మోకాలు ఆనించకుండా లేవగలిగినవారు తరువాతి సంవత్సరాలలో ఎక్కువగా బ్రతికి ఉన్నారు. మన పల్లె సంఘాలలో పెద్దలు జంపఖానా మీద కూర్చొని, ప్రార్థనకు మోకరించి, పాటకు లేచి నిలబడేవారు. ఒక్క ఆరాధనలో ఎన్నోసార్లు లేచి కూర్చొనేవారు. ఇప్పుడు ప్లాస్టికు కుర్చీలు వచ్చినవి. మోకాలి నొప్పి ఉన్నవారికి కుర్చీ అవసరమే. లేనివారికి జంపఖానాను దూరం చేయకండి.

ఛాతీలో నొప్పి, నడిస్తే ఆయాసం, కళ్లు తిరగడం ఉన్నవారు డాక్టరుకు చూపించుకొన్న తరువాతనే మొదలుపెట్టవలెను. చక్కెర వ్యాధికి మందు వాడేవారు ఖాళీ కడుపుతో దూరం నడవకూడదు, జేబులోనో కొంగున ముడివేసియో కొంచెం చక్కెర ఉంచుకోవలెను. ఎండకాలంలో సూర్యోదయానికి ముందే ముగించవలెను. పాదాలకు మడమ పట్టే చెప్పులు వేసుకోవలెను, పట్టులేని హవాయి చెప్పులు వద్దు.

తల్లుల సంగతి

ప్రపంచ ఆరోగ్య సంస్థ వారు 2024లో ప్రకటించిన లెక్క ప్రకారము, 2022 నాటికి మన దేశంలో పెద్దవారిలో సుమారు సగం మందికి తగినంత శ్రమ లేదు. అందులో పురుషులు 42 శాతము, స్త్రీలు 57 శాతము. స్త్రీలే ఎక్కువ. ఇది విన్నవారు, "ఆడవాళ్లు ఇంటిపని చేయరా?" అంటారు. చేస్తారు. కాని వయసు వచ్చిన తరువాత ఆ పనీ చేతిలోనుండి పోతుంది, బయటికి వెళ్లే దారీ ఉండదు. పెద్దాయన పొద్దున్నే చాయ్ హోటలు దాకా అయినా నడుస్తాడు. పెద్దమ్మ ఎక్కడికి నడుస్తుంది?

కారణాలు మాకు తల్లులే చెప్పారు. ఏ పని లేకుండా రోడ్డు మీద నడిస్తే నలుగురు నవ్వుతారని సిగ్గు. చీకటిలో కుక్కల భయం. దారిలో మూత్రానికి వెళ్లడానికి చోటు లేదు. తోడు లేదు. తాండూరులో పొద్దున్నే రాళ్ల లారీలు, సిమెంటు లారీలు, వాటి దుమ్ము. ఈ అయిదు కారణాలలో ఒక్కటి కూడా మోకాలిలో లేదు. అన్నీ వీధిలోనే ఉన్నవి. వీధిలో ఉన్న అడ్డంకిని సంఘము తీయగలదు.

మన చేతిలో ఉన్నవి

వసతులు లేవని మనం చెప్పలేము. వికారాబాద్‌లోనూ తాండూరులోనూ పూర్వులు మనకు విశాలమైన ఆవరణలను విడిచిపోయారు. చెట్ల నీడ ఉన్నది, ప్రహరీ గోడ ఉన్నది, లారీ రాదు, కుక్కను ఆపడానికి గేటు ఉన్నది. గుడి చుట్టూ పది చుట్లు తిరిగితే చాలామందికి అరగంట నడక పూర్తవుతుంది. వారంలో ఆరు రోజులు ఆ గేటుకు తాళం ఉంటుంది. అనంతగిరి దారి బలమున్నవారికి మంచిదే, కాని కొండ ఎక్కవలసిన అవసరం వృద్ధులకు లేదు. చదునైన నేల, సాగే కబురు, పక్కన ఒక మనిషి ఉంటే చాలును.

ఆవరణ బయట కూడా కొన్ని ఉన్నవి. 2022లో రాష్ట్ర ప్రభుత్వం ఊరూరా క్రీడా ప్రాంగణాలు ఏర్పాటు చేయడం మొదలుపెట్టింది. అవి యువకులను దృష్టిలో ఉంచుకొని చేసినవే అయినా, పొద్దున పూట వాటి అంచు వెంబడి నడవడానికి పెద్దలకు ఎవరూ అడ్డు చెప్పరు. పట్టణాలలో కొన్ని పార్కులలో ఇనుప వ్యాయామ సాధనాలు పెట్టారు. వాటిని మొదటిసారి వాడేటప్పుడు తెలిసినవారు పక్కన ఉండవలెను. బడి మైదానాలు తెల్లవారుజామున ఖాళీగా ఉంటాయి. ప్రధానోపాధ్యాయుని అడిగితే కాదనే సందర్భాలు తక్కువ. బిపి, షుగరు పరీక్షకు ఊరి ఆరోగ్య ఉపకేంద్రం, ఆశా కార్యకర్త ఉన్నారు. ఎవరూ లేని వృద్ధులు సలహా కోసం, సాయం కోసం పిలవడానికి 14567 అనే ఉచిత ఫోను నంబరు ఉన్నది. దానిని గుడి నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో వ్రాయించండి.

సామాను లేకుండా ఒక దేశమే ఎలా కదిలిందో చూడండి. జపానులో 1928లో రేడియోలో వ్యాయామ కార్యక్రమం మొదలైంది. పొద్దున్నే సంగీతం వస్తుంది, పిల్లలూ ముసలివారూ పార్కులో చేరి పది నిమిషాలు చేతులూ కాళ్లూ ఆడిస్తారు, ఇండ్లకు పోతారు. ఈనాటికీ అది సాగుతూనే ఉన్నది. మనకు సంగీతానికి కొదువ లేదు. డోలకు ఉన్నది, తాళాలు ఉన్నవి. క్రిస్మసుకు కోలాటం వేసే తల్లులు ఉన్నారు. కోలాటంలో నడక ఉన్నది, వంగడం ఉన్నది, చేతికీ కంటికీ పొత్తు ఉన్నది, అడుగు తప్పకుండా తూకం నిలుపుకోవడం ఉన్నది. డిసెంబరులో వారం రోజులు చేసేదానిని ఏడాది పొడుగునా వారానికి రెండు రోజులు చేస్తే మంచి సాధన అవుతుంది. వేగము తగ్గించి, కోలలు లేకుండా చప్పట్లతో చేయవచ్చును.

పడిపోవడము

లోకమంతటా ఏటా సుమారు 6 లక్షల 84 వేల మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారని, అరవై దాటినవారే అందులో ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఇది దేవుని చిత్తమని ఊరకుండకూడదు. 2019లో 108 పరిశోధనలను కలిపి చూచినప్పుడు, సాధన చేసే వృద్ధులలో పడిపోవడాలు దాదాపు నాలుగింట ఒక వంతు తగ్గినట్లు తేలింది.

ఇందులో మన ప్రాంతపు ప్రత్యేకత ఒకటి ఉన్నది. మన ఇండ్లలో నేలకు తాండూరు బండలే. పాలిషు పట్టిన బండ చూడడానికి అందమే. దాని మీద నీళ్లు, సబ్బు పడితే పాదం నిలవదు. స్నానాల గదిలో పాలిషు లేని గరుకు బండ వేయించండి. వేసినదానిని మార్చలేకపోతే గరుకు చాప పరచండి. గోడకు ఒక ఇనుప కడ్డీ బిగించండి. రాత్రి మూత్రానికి లేచే దారిలో చిన్న దీపం ఉంచండి. ఆసుపత్రిలో ఒక్క రోజు ఖర్చుకంటె ఇవన్నీ కలిపి తక్కువే. ఈ ప్రాంతపు రాతిని చెక్కి బ్రతికినవారు ఆ రాతి మీదనే జారి మంచాన పడడం మనం చూస్తూ ఊరుకోరాదు.

దేహము తక్కువదా?

కొందరు భక్తిగలవారు, దేహసాధన కొద్దిపాటి మేలే చేస్తుందని పౌలు తిమోతికి వ్రాశాడు కదా అంటారు. కొద్దిపాటి మేలు అన్నాడు గాని మేలే లేదనలేదు. వ్రాసినవాడు ఎటువంటివాడు? పట్టణం నుండి పట్టణానికి నడిచినవాడు. కాలేబు ఎనభై అయిదేళ్ల వయసులో, తన బలము తగ్గలేదు, కొండసీమను నాకు ఇయ్యి అని యెహోషువను అడిగాడు. కుర్చీ అడగలేదు.

మెథడిస్టు సంఘాలకు మూలపురుషుడైన జాన్ వెస్లీ 1747లో సామాన్య ప్రజల కోసం ఒక వైద్య పుస్తకము ప్రచురించాడు. డాక్టరుకు ఫీజు ఇవ్వలేని బీదల కోసం వ్రాసినది. అందులోని కొన్ని మందులు ఈనాడు పనికిరావు. కాని నడవగలిగినవారికి నడకయే ఉత్తమ వ్యాయామమని ఆయన చెప్పిన మాటను ఈనాటి ఏ వైద్యుడూ కాదనడు. ఆయన 87 ఏళ్లు బ్రతికాడు, మరణానికి వారం ముందు వరకు ప్రసంగించాడు.

యువజన క్రైస్తవ సంఘము, అనగా మనం వైఎంసిఏ అని పిలిచేది, దేహము, మనస్సు, ఆత్మ అనే మూడింటిని త్రికోణంగా చూపింది. బాస్కెట్‌బాల్ 1891లో, వాలీబాల్ 1895లో ఆ సంఘపు శిక్షకుల చేతులలోనే పుట్టినవి. 1920లో హ్యారీ బక్ అనే ఆయన మద్రాసులో వైఎంసిఏ వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించాడు. అక్కడ శిక్షణ పొందిన వ్యాయామోపాధ్యాయులు దక్షిణాది బడులకు వెళ్లారు. క్రైస్తవులు ఈ దేశానికి వ్యాయామం నేర్పించినవారిలో ఉన్నారని దీనివల్ల తెలుస్తుంది. అయితే నేర్పినది పిల్లలకు, యువకులకు. మన గుడి ఆవరణలో వాలీబాల్ నెట్టు ఉన్నది. ముసలివారికి ఏమున్నది? ఈ నూరేళ్లలో మనం చేయక మిగిలిన పని ఇది.

చేయవలసినవి

మేము సంఘాల ముందు అయిదు పనులు ఉంచుతున్నాము.

మొదటిది, గేటు. ప్రతి పాస్టరేటులో గుడి ఆవరణ గేటు పొద్దున అయిదున్నర నుండి ఏడు వరకు తెరిచి ఉండవలెను. ఒక దీపం, తాగే నీళ్లు, తాళం తీసిన మరుగుదొడ్డి. ఏ మతస్థులైన పెద్దలు వచ్చినా నడవనివ్వవలెను. మోకాలి నొప్పికి మతం లేదు.

రెండవది, జత. ప్రభువు శిష్యులను ఇద్దరిద్దరిగా పంపాడు. మనమూ పెద్దలను ఇద్దరిద్దరిగా జతపరచవలెను. ఒకరు రాకపోతే రెండవవారు ఇంటికి పోయి తలుపు తట్టవలెను. ఒంటరిగా మొదలుపెట్టిన నడక నెల రోజులు నిలవదు, తోడుతో మొదలుపెట్టినది నిలుస్తుంది. ఒంటరిగా ఉన్న విధవరాలికి ఆ తలుపు చప్పుడే సగం మందు.

మూడవది, స్త్రీల సమాజము. కోలాటానికీ కుర్చీ సాధనకూ వారే నాయకత్వం వహించవలెను. తల్లుల సిగ్గును తల్లులే పోగొట్టగలరు. పదిమంది కలిసి నడిస్తే నవ్వేవారు ఉండరు.

నాలుగవది, మెట్లు. ప్రతి గుడి మెట్లకు రెండు వైపులా పట్టుకొనే కడ్డీ ఉండవలెను. శతాబ్ది గుర్తుగా ద్వారము, తోరణము కట్టాలని తీర్మానించిన సంఘాలను మేము వేడుకుంటున్నాము. ముందు కడ్డీ బిగించండి, తోరణము తరువాత.

అయిదవది, ఇండ్లు. కొడుకులారా, కోడళ్లారా, మీకు ఒక మాట. మీ ప్రేమను మేము శంకించడం లేదు. కాని పెద్దవారి చేతిలోనుండి పనంతా లాక్కోకండి. బరువు పని మీరు చేయండి, తేలిక పని వారికి విడిచిపెట్టండి. మొక్కలకు నీళ్లు వారిని పోయనివ్వండి. చిక్కుడు కాయలు వారిని కోయనివ్వండి. మంచినీళ్లు వారినే లేచి తెచ్చుకోనివ్వండి. ఆలస్యమైతే ఓపిక పట్టండి. మీరు అడుగులు నేర్చుకొనేటప్పుడు వారు పట్టిన ఓపికలో ఇది పదవ వంతు కూడా కాదు.

పెద్దలారా, మీకు కూడా ఒక మాట. ఎవరైనా లేవదీస్తారని ఎదురుచూడకండి. ఈ రోజు కుర్చీ నుండి అయిదుసార్లు లేవండి. వచ్చే వారం ఎనిమిది. నొప్పి వస్తే ఆగండి, మరునాడు మళ్లీ మొదలుపెట్టండి. వచ్చే నవంబరులో ధారూరు జాతరకు కారు దిగి తమ కాళ్లతో నడిచి వచ్చి కూర్చొనే వారి సంఖ్య ఈ ఏటికంటే పెరగవలెనని మా కోరిక. 2011 జనగణన నాటికే మన దేశంలో అరవై దాటినవారు 10 కోట్ల 38 లక్షలు. ఆ సంఖ్య పెరుగుతూనే ఉన్నది. వారందరినీ మోయడానికి ఆసుపత్రులు చాలవు. వారు నిలబడడానికి సంఘాలు చాలును, గేట్లు తెరిస్తే.

వచ్చే కోతల పండుగలోగా ప్రతి పాస్టరేటు కమిటీ ఈ అయిదింటిలో కనీసం రెండింటిని తీర్మానించి మొదలుపెట్టవలెనని మనవి చేస్తున్నాము. రెండవ శతాబ్దిలోకి మన సంఘము పెద్దలను మంచాల మీద మోసుకొని గాక, వారి చేయి పట్టుకొని, వారితో పాటు నడుచుకుంటూ ప్రవేశించును గాక. ఆమేన్.